మా క్యాంపు ఇళ్ళ నేల కథ: పేడ అలుకు నుంచి స్టీమ్ మాప్ దాకా

ఈ మధ్య మా బంధువుల ఇళ్ళల్లో ఒకే ప్రశ్న తిరుగుతోంది. ఇంట్లో కుక్క ఉంది, లేదా పిల్లి ఉంది. కింద కార్పెట్టు లేదు, అంతా గట్టి నేల. తుడిచేవాళ్ళు దొరకడం లేదు, దొరికినా వంగలేకపోతున్నారు. స్టీమ్ మాప్ కొంటే పని జరుగుతుందా? హైదరాబాద్‌లో ఉన్న పిన్నిగారి అమ్మాయి అడిగింది. అమెరికాలో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి అయితే ఏకంగా ఒకటి కొని సింధనూరు పంపిస్తానన్నాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నాడు: "ఆ పాత బండలు తీసేసి టైల్స్ వేయించండి, అప్పుడు మిషన్ బాగా నడుస్తుంది."

ఆ రెండో మాటే మా చేత ఇది రాయిస్తోంది. మిషన్ కోసం నేల మార్చాలా, నేలను బట్టి మిషన్ ఎంచుకోవాలా? మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఏ వస్తువైనా పనిచేస్తుందా అని అడిగితే, ఎక్కడ, దేని మీద, ఎవరి చేతిలో అని తిరిగి అడగడం మాకు అలవాటైపోయింది. చదువంతా కన్నడ మీడియంలో సాగింది, తెలుగు రాత ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. మాట అక్కడక్కడ అటూ ఇటూ వినిపిస్తే సర్దుకోండి.

మన కుటుంబాల చరిత్ర అంటే ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్ని ఎకరాలు కొన్నారు, ఏ సంవత్సరంలో రైస్ మిల్లు పెట్టారు అనే చెప్పుకుంటాం. కాళ్ళ కింది నేల సంగతి ఎవరూ రాయలేదు. అరవై డెబ్భై ఏళ్ళలో మన ఇళ్ళల్లో నేల నాలుగైదు సార్లు మారింది. మారినప్పుడల్లా శుభ్రం చేసే పద్ధతి మారింది, ఆ పని చేసే మనిషి మారింది, ఇంట్లో జంతువు ఉండే చోటూ మారింది. స్టీమ్ మాప్ ఆ వరుసలో ఆఖరిది.

మనం రాకముందే

కృష్ణకు, తుంగభద్రకు మధ్య ఉన్న ఈ నేలను రాయచూరు దోఆబ్ అంటారు. ఇక్కడ మనిషి, పశువు ఒకే చోట బతకడం మనతో మొదలవలేదు. లింగసుగూరు తాలూకాలో పిక్లిహాళ్ అనే చోట ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1952లో తవ్వకాలు చేశాడు. 1957లో కృష్ణకు అవతల, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో బూడిద దిబ్బను తవ్వాడు. ఈ దిబ్బలు ఏమిటని చాలాకాలం పండితులు వాదించుకున్నారు. ఆల్చిన్ తేల్చింది ఏమిటంటే, అవి నాలుగైదు వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్లు. పేరుకున్న పేడను కాల్చగా కాల్చగా గుట్టలైన బూడిద అది. ఉట్నూరులో పశువుల గిట్టల ముద్రలు కూడా అలాగే మిగిలి కనిపించాయి.

అంటే పేడను ఏం చేయాలి, పశువు ఎక్కడ పడుకోవాలి, మనిషి ఎక్కడ పడుకోవాలి అన్న లెక్క ఈ దోఆబ్‌లో ఎప్పటి నుంచో నడుస్తోంది. రాయచూరు జిల్లా అంటే మస్కి అశోకుడి శాసనం గుర్తొస్తుంది, హట్టి బంగారం గుర్తొస్తుంది. ఈ బూడిద దిబ్బలు మాత్రం ఎవరికీ గుర్తు రావు. మన కథకు దగ్గరగా ఉన్నవి అవే.

మట్టి నేల, పేడ అలుకు

తుంగభద్ర ఆనకట్ట పని హైదరాబాద్ సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి 1945లో మొదలుపెట్టాయి. 1953లో కాలవలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ ఈ వైపు వచ్చింది. అప్పటికి రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. 1973లో ఆ రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. ఆ ఏళ్ళల్లోనే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి వైపు వచ్చారు. అక్కడ కొద్దిపాటి పొలం అమ్మిన డబ్బుతో ఇక్కడ ఎక్కువ పొలం వచ్చేది. కాలవ పక్కన, పొలాల మధ్య పాకలు వేసుకుని ఉన్న చోట్లను క్యాంపులు అన్నారు. పాకలు పోయి మేడలు వచ్చాయి. క్యాంపు అన్న పేరు మాత్రం పోలేదు.

ఆ పాకల్లో మొదటి చిక్కు నేలే. ఇది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు ఇస్తుంది. దాని మీద నేరుగా ఇల్లు కట్టుకుంటే ఆ నెర్రెల్లోంచి తేళ్ళు, జెర్రులు వస్తాయి. అందుకని మొరం తోలించి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టిచేసి, దాని మీద ఎర్రమట్టి పూసేవాళ్ళు. ఆ పైన పేడ అలుకు. పేడలో అరగని గడ్డి పీచు ఉంటుంది కదా, అది మట్టిని పట్టి ఉంచుతుంది, దుమ్ము లేవనివ్వదు, సన్న పగుళ్ళను కప్పుతుంది. చిక్కదనం కుదరాలి. పలచన అయితే ఎండాక పొడి రాలుతుంది, చిక్కనైతే పెచ్చులు లేస్తుంది. చేత్తో అర్ధచంద్రాకారంగా, వెనక్కి వెనక్కి జరుగుతూ గడప దాకా అలికేవాళ్ళు. మా నాయనమ్మ తరంలో ఈ పని రాని ఆడపిల్ల లేదు.

మన చుట్టుపక్కల కన్నడ ఇళ్ళల్లో ఇదే పనిని సారిసోదు అంటారు. మనం నేల అంటే వాళ్ళు నెల అంటారు. మనం చీపురు అంటే వాళ్ళు కసబరిగె అంటారు. భాష రాని తొలి రోజుల్లో మన ఆడవాళ్ళు, ఇక్కడి ఆడవాళ్ళు మాటలు కలుపుకున్నది ఎక్కువగా ఈ పనుల దగ్గరే అని మా ఇంట్లో చెబుతారు. మగవాళ్ళు కన్నడం నేర్చుకున్నది తాలూకా ఆఫీసులో, ఆడవాళ్ళు నేర్చుకున్నది వాకిట్లో.

పేడ నీళ్ళు క్రిముల్ని చంపుతాయని మనవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. దాన్ని అలా నమ్మి వదిలేయడానికి లేదు. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి మట్టిలోనూ, పశువుల పేడలోనూ ఉంటుంది. బొడ్డుతాడు కోసిన గాయానికి, కాలికి తగిలిన దెబ్బకు పేడమట్టి అంటితే ప్రాణాపాయమే. టీకాలు రాకముందు ఎన్ని ఇళ్ళల్లో పురిటి బిడ్డలు అలా పోయారో! అలుకు గొప్పతనం దుమ్ము అణచడంలో, నేలను రోజూ ఒకసారి దగ్గర నుంచి చూడటంలో ఉంది. వంగి చేత్తో తడిమే మనిషికి ఎక్కడ పగులు వచ్చింది, ఎక్కడ చెద పట్టింది, ఎక్కడ ఎలుక తవ్వింది అన్నీ కనిపిస్తాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇల్లు అలికింది ఇంటి ఆడవాళ్ళు. గొడ్ల సావిడిలో పేడ ఎత్తింది పాలేర్లు, పక్క ఊళ్ళ నుంచి వచ్చిన కూలీ ఆడవాళ్ళు. పొలం కాగితాల్లో తాతయ్య పేరుంది. ఈ రెండు పనులు చేసినవాళ్ళ పేరు ఏ కాగితంలోనూ లేదు.

షాబాదు బండ

డబ్బు కాస్త చేతికి రాగానే మనవాళ్ళు చేసిన మొదటి పని నేలకు బండలు పరిపించడం. ఇక్కడ బండ అంటే షాబాదు బండ. పాత గుల్బర్గా, ఇప్పటి కలబురగి జిల్లాలో షాహాబాద్ అనే ఊరు ఉంది. అక్కడి భూమిలో సున్నపురాయి పొరలు పొరలుగా, పుస్తకం పేజీల్లా ఉంటుంది. రంపం పెట్టనక్కర లేకుండా ఉలి, సుత్తితో పలకలుగా లేస్తుంది. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి వచ్చిన రెండు రైలు మార్గాలు 1871లో రాయచూరులోనే కలిశాయి. షాహాబాద్ ఆ బొంబాయి దారిలోనే ఉంది. అందుకే ఈ జిల్లాలో కోమటి అంగడికైనా, మఠానికైనా, బడికైనా కింద ఆ బూడిద రంగు బండే. కన్నడంలో దాన్ని ఫర్సి అంటారు. కోస్తాలో, రాయలసీమలో మనం నాపరాయి అనేది దీని చుట్టమే: బేతంచర్ల బండ, కడప బండ, తాండూరు బండ అన్నీ సున్నపురాళ్ళే.

నల్లరేగడి మీద ఈ బండకు ఒక సుగుణం ఉంది. నేల ఉబ్బినా కుంగినా, మొరం మీద పరిచిన బండ కాస్త కదిలి ఊరుకుంటుంది. మరీ ఎగుడుదిగుడైతే ఆ ఒక్క బండ లేపి, కింద సర్ది, మళ్ళీ పరవొచ్చు. మండు వేసవిలో, కాలవ కట్టేసిన రోజుల్లో, రాయచూరు ఎండకు ఒళ్ళు పేలిపోతుంటే దాని మీద చాప కూడా లేకుండా పడుకున్న సుఖం మనలో చాలామందికి తెలుసు. ఇంటి కుక్క కూడా ఆ బండ మీదే, పొట్ట ఆనించి పడుకునేది.

కానీ సున్నపురాయికి రెండు గుణాలున్నాయి. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే స్టీమ్ మాప్ సంగతి సగం తేలిపోయినట్టే. ఒకటి, పాలిష్, సీలర్ లేని బండ నీళ్ళు తాగుతుంది. నూనె పడినా, కుక్క ఉచ్చ పోసినా లోపలికి లాగి మచ్చ పట్టుకుంటుంది. రెండు, పులుపు దానికి శత్రువు. నిమ్మరసం, చింతపండు రసం, వెనిగర్, బాత్రూం కడిగే యాసిడ్ ఏది పడినా సున్నం కరిగి తెల్లటి గరుకు మచ్చ మిగులుతుంది. అది మురికి కాదు, రాయి తిన్న దెబ్బ. ఎంత తోమినా పోదు.

బండ వచ్చాక అలుకు పోయి తడిగుడ్డ వచ్చింది. చీపురుతో ఊడ్చి, బకెట్టు నీళ్ళల్లో గోనెగుడ్డో పాత చీరముక్కో ముంచి, గొంతు కూర్చుని తుడవడం. పని తేలికైందని అన్నారు గానీ, నడుం వంగడం పోలేదు, మోకాళ్ళ మీద బరువు పోలేదు.

ఫినాయిల్ వాసన వచ్చిన రోజులు

1867లో జోసెఫ్ లిస్టర్ అనే బ్రిటన్ డాక్టరు ఆపరేషన్ గాయాలకు కార్బాలిక్ ఆమ్లం వాడి చీము పట్టకుండా ఆపొచ్చని ప్రకటించాడు. అది బొగ్గు తారు నుంచి తీసే పదార్థం. పదేళ్ళకు, 1877లో, జాన్ జెయిస్ అనే ఆయన అదే బొగ్గు తారు జాతి ద్రవాన్ని ఇళ్ళు, దొడ్లు కడగడానికి పేటెంటు చేశాడు. మన నల్ల ఫినాయిల్ ఆ వంశానిదే. తెల్ల ఫినాయిల్ పైన్ నూనెతో చేస్తారు. ఆసుపత్రుల్లో, రైల్వే స్టేషన్లలో మొదలైన ఆ వాసన మన ఇళ్ళల్లోకి మొజాయిక్ నేలతోపాటు వచ్చింది. ఆ వాసన వస్తే ఇల్లు శుభ్రం అన్న లెక్క అప్పుడు పడింది, ఇప్పటికీ పోలేదు.

జంతువులున్న ఇంట్లో ఈ లెక్క ప్రమాదం. ఫీనాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడుస్తుంది, ఆపైన పాదాలు నాక్కుంటుంది. అంతే, విషం లోపలికి పోయినట్టే. కుక్కలకు కూడా మంచిది కాదు. టీ ట్రీ లాంటి సుగంధ నూనెలు కలిపిన "సహజ" ద్రవాలు కూడా పిల్లికి విషమే. బ్లీచింగును యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఉచ్చ మీద నేరుగా బ్లీచింగ్ పోసినా గొంతు మండించే ఆవిర్లు వస్తాయి. ముందు ఉచ్చ తుడిచి, కడిగి, ఆ తరవాతే ఏదైనా.

స్టీమ్ మాప్ మీద జనానికి ఆశ పుట్టింది ఇక్కడే. మందు లేదు, వాసన లేదు, వట్టి నీటి ఆవిరి. పిల్లి, కుక్క, పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

సావిడి నుంచి హాల్లోకి

మన ఇళ్ళల్లో పశువు ఎప్పుడూ ఉంది, కానీ గడప అవతల. గేదెలు సావిడిలో, కుక్క వాకిట్లో, పిల్లి ధాన్యం బస్తాల గదిలో. పిల్లిని పెంచింది ముద్దుకు కాదు, ఎలుకల కోసం. వరి పండే చోట ఎలుకలు ఉంటాయి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం కూడా వస్తుంది.

కుక్కల్లో ఈ వైపుకు పేరు తెచ్చింది ముధోళ జాతి. బాగల్‌కోట జిల్లా ముధోళ ఊరి పేరే దానికి పెట్టారు. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. సన్నటి నడుం, పొడవాటి కాళ్ళు, పొట్టి బొచ్చు. పొలాల మీద పరిగెత్తాల్సిన కుక్క. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు బెంగళూరు, హైదరాబాద్, అక్కడి నుంచి ఇంకా దూరం వెళ్ళాక, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు మిగిలాక, కుక్క గడప దాటి లోపలికి వచ్చింది. సరిగ్గా అదే కాలంలో నేల మీదికి విట్రిఫైడ్ టైల్స్ వచ్చాయి. సావిడి ఖాళీ అయింది. కుక్క బొచ్చు, చొంగ, బురద పాదాలు, అప్పుడప్పుడు ఉచ్చ ఇవన్నీ ఇప్పుడు హాల్లో. తుడవాల్సిన వాళ్ళ వయసు అరవై దాటింది. ఇదీ ఇప్పటి పరిస్థితి.

ఏ నేల మీద ఏం జరుగుతుంది

స్టీమ్ మాప్‌లో చిన్న నీళ్ళ తొట్టి, దాన్ని మరిగించే హీటరు, కింద మైక్రోఫైబర్ గుడ్డ ఉంటాయి. ఆవిరి గుడ్డలోంచి నేలకు తగిలి జిడ్డును వదిలిస్తుంది, గుడ్డ దాన్ని పీల్చుకుంటుంది. అంతకు మించి మాయ ఏమీ లేదు. కాబట్టి నేలను బట్టే ఫలితం.

విట్రిఫైడ్ టైల్: నీళ్ళు పీల్చడం అర శాతం కంటే తక్కువ. స్టీమ్ మాప్‌కు ఇంతకంటే మంచి నేల లేదు. కానీ టైల్స్ మధ్య సందులు చూసుకోండి. సిమెంటుతో నింపిన సందు పాతదై రాలుతుంటే, ఆవిరి దాన్ని ఇంకా వదులు చేస్తుంది. ముందు సందులు మళ్ళీ నింపించాలి. ఎపాక్సీతో నింపించుకుంటే ఉచ్చ కూడా లోపలికి దిగదు.

మొజాయిక్: పాలిష్ బాగా ఉండి, పగుళ్ళు లేకపోతే నెమ్మదిగా వాడొచ్చు. మైనం పాలిష్ పెట్టిన నేలైతే వద్దు, వేడికి మైనం కరిగి చారలు పడతాయి. రెడ్ ఆక్సైడ్ నేలకు కూడా ఇదే మాట.

షాబాదు బండ, కడప బండ: ఒక చెంచాడు నీళ్ళు బండ మీద పోసి ఐదు నిమిషాలు ఆగి చూడండి. నీటి బొట్టు అలాగే నిలిచి ఉంటే సీలర్ పని చేస్తోంది. బండ నల్లబడితే అది నీళ్ళు తాగుతోంది. తాగే బండ మీద ఆవిరి పెడితే తేమ లోపలికి పోతుంది, పాత మచ్చలు, ఉప్పు పైకి తేలతాయి, పొరలు వదులైన చోట పెచ్చు లేవొచ్చు. వద్దు.

చెక్క, లామినేట్: అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ మాట. సీలు లేని చెక్క మీద అసలు వాడొద్దు. లామినేట్ అంచుల్లోంచి ఆవిరి దిగితే పలక ఉబ్బుతుంది, అది మళ్ళీ మామూలు కాదు. అతికించిన వినైల్ కింద జిగురు వేడికి మెత్తబడుతుంది. నేల అమ్మినవాళ్ళ వారంటీ కాగితంలో ఆవిరి గురించి ఏం రాశారో చదివి గానీ మిషన్ కొనకండి.

జంతువు వైపు నుంచి చూస్తే

బొచ్చు ముందు పొడిగా ఊడ్చాలి, లేదా వాక్యూమ్ పెట్టాలి. ఊడవకుండా ఆవిరి పెడితే తడిసిన బొచ్చు నేలకు అతుక్కుని చారలు చారలుగా మిగులుతుంది. కాబట్టి స్టీమ్ మాప్ వచ్చిందని చీపురు మూల పెట్టడానికి లేదు.

ఉచ్చ మీద నేరుగా ఆవిరి పెట్టకూడదు. వేడి తగిలితే వాసన గుప్పుమంటుంది, సందుల్లో, బండలో ఉన్న మచ్చ గట్టిపడుతుంది. ముందు గుడ్డతో అద్ది, చల్లని నీళ్ళతో కడిగి, ఎంజైమ్ ఉన్న క్లీనర్ పోసి కాసేపు వదిలేయాలి. వాసన మిగిలితే కుక్క మళ్ళీ అక్కడే పోస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్లు దానికి ఉచ్చ వాసనలాగే తోస్తాయి, అవి వద్దు.

పిడుదులున్న ఇంట్లో ఆవిరి కొంత సాయపడుతుంది. కుక్క పిడుదు గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్ళలో, నేల సందుల్లో. అక్కడ నెమ్మదిగా వేడి ఆవిరి పట్టిస్తే చాలా వరకు చస్తాయి. కానీ కుక్కకు వేయాల్సిన మందు మానకూడదు. పార్వో లాంటి జబ్బు వచ్చిన ఇంట్లో మాత్రం స్టీమ్ మాప్‌ను నమ్ముకోవద్దు. ఆ వైరస్ నెలల తరబడి నేల మీద బతుకుతుంది, ఒకసారి అలా తోసుకుంటూ పోయే ఆవిరికి చావదు. పశువుల డాక్టరు చెప్పిన పాళ్ళలో బ్లీచింగ్, తగినంత సేపు, కుక్కను పక్కన కట్టేసి. అన్నిటికంటే ముందు టీకా.

ఆవిరి పెట్టిన నేల వెంటనే వేడిగా ఉంటుంది. ఆరి చల్లబడే దాకా కుక్కను, పిల్లిని, చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ఆ బుస్ చప్పుడుకే కొన్ని కుక్కలు బెదిరిపోతాయి. ముందు రెండు మూడు రోజులు మిషన్‌ను ఊరికే హాల్లో పెట్టి ఉంచితే అలవాటు పడతాయి.

రాయచూరు నీళ్ళు, రాయచూరు కరెంటు

కొనేవాళ్ళు ఎవరూ అడగని రెండు ప్రశ్నలు ఇవి. మన బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అదే సున్నం, షాబాదు బండలో ఉన్నదే. ఆ నీళ్ళు స్టీమ్ మాప్‌లో పోస్తే కొన్నాళ్ళకే ఆవిరి వచ్చే సన్నటి దారి మూసుకుపోతుంది. ఆర్.ఓ. నీళ్ళో, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పిన నీళ్ళో వాడాలి. ఆర్.ఓ. మిషన్ బయటికి వదిలే నీళ్ళతో చాలా ఇళ్ళల్లో నేల తుడుస్తారు, మంచిదే. కానీ స్టీమ్ మాప్‌లో అవి పోయకూడదు, వాటిలో ఉప్పులు ఇంకా ఎక్కువ.

ఇక కరెంటు. ఈ మిషన్లు చాలా వరకు 1,300 నుంచి 1,500 వాట్లు లాగుతాయి. 230 వోల్టుల దగ్గర 1,500 వాట్లు అంటే ఆరున్నర ఆంపియర్లు. గోడకున్న చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లదే. ఇస్త్రీపెట్టె, గీజరు పెట్టే పెద్ద ప్లగ్గు, 16 ఆంపియర్లది కావాలి. పాత ఇళ్ళల్లో అది వంటింట్లోనో బాత్రూం పక్కనో ఒకటే ఉంటుంది. వైరు హాలు చివరి దాకా వస్తుందా అని కొలిచి చూడండి. ఇన్వర్టర్ మీద ఇది నడవదు. ఖర్చు మాత్రం తక్కువే: అరగంట వాడితే ముప్పావు యూనిట్.

మా పెద్దింట్లో ఏం తేలింది

పెద్దింట్లో హాలు, వరండా షాబాదు బండ. వెనక కట్టిన వంటిల్లు, రెండు గదులు విట్రిఫైడ్. అమ్మ మోకాళ్ళు నేల మీద కూర్చోనివ్వవు. పక్క ఊరి నుంచి వచ్చే అక్కగారు పని బాగానే చేస్తారు, కానీ ఆవిడ వయసూ అమ్మ వయసే. ఆవిడ మోకాళ్ళ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడం మాకు నచ్చలేదు. బండలు తవ్వించాలనేవాళ్ళు కొందరు, తాతయ్య పరిపించినవి ముట్టుకోవద్దనేవాళ్ళు కొందరు. ఇద్దరూ నేల గురించే వాదించారు. వంగేది ఎవరు అన్నది ఎవరూ అడగలేదు.

మేం చేసిందల్లా ఒక కాగితం తీసుకుని గది గదికీ తిరిగి రాసుకోవడం: ఏ నేల, నీళ్ళు తాగుతుందా, సందులు ఎలా ఉన్నాయి, కుక్క ఎక్కడ పడుకుంటుంది, పెద్ద ప్లగ్గు ఎంత దూరం, తుడిచేది ఎవరు. కాగితం నిండేసరికి వాదన సగం తగ్గింది. బండలు ఉంచాం. పులుపు లేని, రాతికి పనికొచ్చే తేలిక సబ్బు నీళ్ళు, నిలబడి తుడిచే వెడల్పు మాపు, చేత్తో పిండక్కర లేని బకెట్టు హాలుకు, వరండాకు సరిపోయాయి. అందులో కరెంటు లేదు, ఖరీదు కూడా తక్కువ. స్టీమ్ మాప్ వంటింటికి, వెనక గదులకు, కుక్క అన్నం తినే మూలకు పరిమితం. బరువు ఎంతుందో అమ్మ, అక్కగారు ఇద్దరూ చేత్తో ఎత్తి చూశాకే ఏది కొనాలో ఖాయం చేశాం. నీళ్ళు నింపాక బరువు పెరుగుతుంది కాబట్టి నింపి ఎత్తి చూడమన్నాం. కొట్లో ఇది అడిగితే నవ్వారు, కానీ నింపి ఇచ్చారు.

అలుకు కాలంలో నేలను రోజూ చేత్తో తడిమిన ఆడవాళ్ళకు ఏ నేల ఏం అడుగుతుందో తెలుసు. ఆ తెలివిని మనం ఎప్పుడూ చరిత్రగా లెక్కపెట్టలేదు. కొత్త మిషన్ కొనే ముందు మన పెద్దవాళ్ళను అడగాల్సింది ముఖ్యంగా అదే: ఈ బండ ఎప్పుడు వేశారు, కింద ఏం పోశారు, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయి, ఎక్కడ తేమ ఊరుతుంది. క్యాంపుల్లో పాత ఇళ్ళు ఒక్కొక్కటీ కూలగొట్టి కొత్తవి కడుతున్నారు. మీ ఇంట్లో తొలి నేల ఏదో, దాన్ని ఎవరు అలికారో తెలిసినవాళ్ళు ఇంకా ఉంటే, అడిగి వాళ్ళ పేర్లతో సహా రాసిపెట్టండి. కూలీకి వచ్చినవాళ్ళ పేర్లు కూడా.